శ్వాసయంత్రము చాలదు

రోగపీడితమైన బిడ్డను వెంటిలేటరుపై నుంచిరను మాట చెవినిబడినంతనే ఏ తల్లిదండ్రుల గుండెయైనను ఝల్లుమనును. నాటినుండి వారి చూపు ఆ యంత్రమును వీడి మరలదు. తెరపై పెరిగి తరుగు అంకెలలోనే వారు తమ బిడ్డ ఆయుర్దాయమును వెదకికొందురు. యంత్రము నడచుచున్నంతకాలము ప్రాణమునకు భయము లేదనియు, అది తొలగినచో బిడ్డ గట్టెక్కినట్లేయనియు వారు తలంతురు. వారే కాదు, ఆసుపత్రులకు నిధులు మంజూరుచేయు ప్రభుత్వమువారును, ఆ ఆసుపత్రులను గూర్చి వ్రాయు పత్రికలవారును గూడ వెంటిలేటర్ల సంఖ్యనే వైద్యసదుపాయమునకు కొలమానముగా గ్రహించుట కలవాటుపడి యున్నారు.

ఈ గౌరవము అకారణము కాదు గాని అసమగ్రము. వెంటిలేటరు గాలిని లోనికి నెట్టగలదు. ఆ గాలి పోవలసిన త్రోవకు అడ్డుపడిన కఫమును తీయజాలదు. అది పీడనమును కొలువగలదు. ఊపిరితిత్తిలో ఏ భాగము ముడుచుకొన్నదో చెవియొగ్గి వినజాలదు. శ్వాసకండరములకు విశ్రాంతి నీయగలదు. ఆ విశ్రాంతి మితిమీరి అవి క్షీణించునపుడు వానికి మరల పని నేర్పజాలదు. ఈ కొఱతలను తీర్చు విద్య యొకటి కలదు. దానినే శ్వాసకోశ ఫిజియోథెరపీ యందురు. వార్డులలో 'చెస్ట్ ఫిజియో' యని పొట్టిపేరుతో పిలుతురు. ఈ విద్యకు మన పిల్లల ఆసుపత్రులలో రెండు విధముల అన్యాయము జరుగుచున్నది. అనేకచోట్ల అది లేనేలేదు. ఉన్నచోట్ల గూడ తఱచుగా అది పరీక్షతో పనిలేని తంతుగా, పూటకిన్నిసార్లని లెక్కవేసి బిడ్డ రొమ్మును వీపును తట్టుటగా దిగజారియున్నది. లేమి యెంత హానియో వివేకరహితమైన వాడుకయు నంత హానియే యనియు, రెంటికిని మందొక్కటే, అనగా శిక్షణ పొందిన మనిషిని ఆ మంచము ప్రక్కన నిలుపుటయే యనియు నా నిశ్చితాభిప్రాయము.

యంత్రశ్వాస చరిత్ర నెఱిగినవారికి ఈ మాట క్రొత్తది కాదు. 1928లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఫిలిప్ డ్రింకర్, లూయీ షా యనువారు నిర్మించిన ఇనుప ఊపిరితిత్తిని మొట్టమొదట వాడినది పోలియో సోకిన యొక ఎనిమిదేండ్ల బాలిక కొఱకే. రోగి మెడవఱకు ఆ పెట్టెలో పండుకొనియుండగా, లోపలి గాలియొత్తిడిని తగ్గించుటచేత రొమ్ము విప్పారి ఊపిరి లోనికి వచ్చెడిది. కాని కంఠకండరములు గూడ చచ్చుబడిన రోగులు మ్రింగలేక, దగ్గలేక, తమ నోటనూరిన లాలాజలమును శ్లేష్మమును తామే లోనికి పీల్చుకొని, ఆ పెట్టెలోనే ఉక్కిరిబిక్కిరియై మరణించుచుండిరి. 1952లో డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హాగెన్‌ను పోలియో మహామారి ముట్టడించినపుడు, అచ్చటి బ్లెగ్డామ్ ఆసుపత్రిలో ఊపిరి చచ్చుబడిన రోగులు నూటికి 80 మందికి పైగా చనిపోవుచుండిరి. ఆ యేట ఆగస్టు 27వ తేదీన బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు, పండ్రెండేండ్ల బాలికకు గొంతు దిగువను శ్వాసనాళమున రంధ్రము చేయించి, గొట్టము నమర్చి, అందుండి శ్లేష్మమును పీల్చి తీసివేసి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరి నందించెను. ఆ బాలిక బ్రదికెను. అటుపిమ్మట ఇంచుమించు 1500 మంది వైద్యవిద్యార్థులు వంతులు వేసికొని, నెలల తరబడి రేయింబవళ్ళు రోగుల ప్రక్కన గూర్చుండి ఆ సంచులను నొక్కిరి. మరణముల పాలు సగమునకు దిగువకు బడెను.

నేటి ఇంటెన్సివ్ కేర్ యావత్తును ఆ వార్డులలో బుట్టినదే. 1955లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరమున పిల్లల కొఱకే ప్రత్యేకమైన ఐ.సి.యు. వెలసెను, 1956లో మన నర్సులందఱు నెఱిగిన అంబు బ్యాగు డెన్మార్కులోనే తయారయ్యెను. ఆ విజయమునకు కారణము గాలిని నెట్టుట యొక్కటియే యని మనము పొరబడుచున్నాము. గాలిని నెట్టుట సగము. త్రోవను శుభ్రముచేయుట తక్కిన సగము. మొదటి సగమును యంత్రమున కప్పగించితిమి. రెండవ సగమును ఎవరికి నప్పగింపక వదలివేసితిమి. మన దేశమున ఫిజియోథెరపీ విద్య బొంబాయిలో వేళ్ళూనినదియు ఆ దశాబ్దముననే, పోలియో బారిన బడిన పిల్లల అవసరమును బట్టియే. 1955 నాటికి ఆ వృత్తివారికి అఖిలభారత సంఘము గూడ ఏర్పడెను. ఇంత పూర్వచరిత్ర గల విద్య మన పిల్లల ఐ.సి.యు. గడప దాటి లోనికి రాలేకపోవుట విచారింపదగిన విషయము.

పిల్లలకు ఈ విద్య పెద్దలకంటె నెక్కువగా నేల కావలెనని యడుగవచ్చును. పిల్లవాడు చిన్న ఆకారముగల పెద్దమనిషి కాడు. అతని ఊపిరితిత్తుల నిర్మాణమే వేఱు. గొట్టములో ద్రవము ప్రవహించునపుడు కలుగు నిరోధము వ్యాసార్థముయొక్క నాలుగవ ఘాతమునకు విలోమముగా నుండునని పందొమ్మిదవ శతాబ్దిలో పాయిజుయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొనెను. దానిని బట్టి లెక్కవేసినచో, 8 మిల్లీమీటర్ల వ్యాసముగల పెద్దవాని వాయునాళమున చుట్టును ఒక మిల్లీమీటరు మందమున వాపుగాని కఫముగాని పేరుకొన్నయెడల నిరోధము మూడురెట్లకు కొంచెము మించి పెరుగును. 4 మిల్లీమీటర్ల వ్యాసముగల శిశువు నాళమున అదే ఒక్క మిల్లీమీటరు పేరుకొన్నచో నిరోధము 16 రెట్లగును. పెద్దవాడు దగ్గి యుమ్మివేయు పాటి గళ్ళ పసిబిడ్డ ప్రాణమునకే ముప్పు తెచ్చుటకు కారణమిది. పెద్దవారి ఊపిరితిత్తులలో ఒక త్రోవ మూసికొనిపోయినను ప్రక్క వాయుకోశములనుండి గాలి చొరబడుటకు సూక్ష్మరంధ్రములు కలవు; శిశువులలో అవి ఇంకను సరిగా నేర్పడియుండవు, కావున ఒక్క నాళము మూసికొన్నచో దాని వెనుకనున్న భాగమంతయు ముడుచుకొనిపోవును. ప్రక్కటెముకలు ఇంచుమించు అడ్డముగా నుండుటచేతను, రొమ్ముగోడ మెత్తనిదగుటచేతను, శిశువు ఊపిరి భారమంతయు ఉదరవితానము (డయాఫ్రము) పైననే పడును. ఆ కండరము త్వరగా నలసిపోవును.

ఇట్టి సుకుమారమైన నిర్మాణములోనికి మనము గొట్టమును దింపుచున్నాము. గాలిని వెచ్చజేసి తడిపి వడగట్టు ముక్కును ఆ గొట్టము దాటివేయును. శ్వాసనాళపు గోడలపై నిరంతరము కదలుచు మలినమును పైకి నెట్టు సూక్ష్మరోమములు పొడిగాలికి మొద్దువాఱును. స్వరతంత్రులు మూసికొననిదే బలమైన దగ్గు పుట్టదు. వాని నడుమ గొట్టముండగా అవి మూసికొనజాలవు. దానిపై మత్తుమందు ఉన్న కొద్దిపాటి దగ్గును గూడ అణచివేయును. వెల్లకిల పండుకొని కదలిక లేక యున్న బిడ్డ ఊపిరితిత్తుల వెనుకభాగములలో కఫము దిగి, ఒండ్రుపట్టిన పంటకాలువవలె త్రోవలు పూడుకొనిపోవును. ఆ నిలువలో సూక్ష్మక్రిములు వృద్ధిచెంది క్రొత్త న్యుమోనియాకు కారణమగును. యంత్రము ఊపిరి భారమును పూర్తిగా వహించుటచేత ఉదరవితానము గూడ క్షీణించును. 2008లో ప్రచురింపబడిన యొక ప్రసిద్ధ పరిశోధనలో, 18 నుండి 69 గంటలపాటు మాత్రమే వెంటిలేటరుపై నుండి కదలిక లేకపోయిన అవయవదాతల ఉదరవితానపు కండరతంతువులు సగమునకు సగము సన్నగిల్లినట్లు తేలెను. వారు పెద్దవారే, కాని బక్కచిక్కిన పసికండరముపై ఇట్టి నిశ్చలత యేమిచేయునో ఊహించుట కష్టము కాదు. వెంటిలేటరు తీయుటకు యత్నించి, బిడ్డ ఊపిరి నిలుపుకొనలేక మరల గొట్టము వేయవలసివచ్చు సందర్భములకు ఈ కఫమును ఈ బలహీనతయు ముఖ్యహేతువులు.

ఇప్పుడా విద్య ఏమిచేయునో దగ్గఱనుండి చూతము. న్యుమోనియాతో వెంటిలేటరుపై నున్న యొక ఎనిమిదినెలల శిశువును భావింపుడు. నేర్పరియైన ఫిజియోథెరపిస్టు వచ్చినవెంటనే బిడ్డపై చేయి వేయదు. మొదట ఎక్స్‌రే చూచును. కుడితిత్తి పైభాగము తెల్లగా మూసికొనిపోయియున్నది. పిల్లల ఐ.సి.యు.లో ఇది తఱచు గనబడు దృశ్యమే. కాని ఆ తెల్లదనమునకు కారణము కఫమేనా? గొట్టమే లోతుగా జారి, నిటారుగా నుండు కుడి శ్వాసనాళములో దిగబడి, ఎడమ తిత్తికిని కుడితిత్తి పైభాగమునకును గాలి యందకుండ చేయుచున్నదా? పెదవికడ గొట్టముపై నున్న అంకెను నర్సు వ్రాసిన అంకెతో సరిచూచును. రెండు ప్రక్కల స్టెతస్కోపు పెట్టి వినును. గొట్టము జారియున్నచో తట్టుటవలన నేమియు లాభము లేదు. డాక్టరును పిలిచి ఆ గొట్టమును కొంచెము వెనుకకు లాగించుటయే చికిత్స. ఈ యొక్క పరీక్షను విస్మరించి, తెల్లగా నున్నచోట తట్టుచు కూర్చుండువారు ఎంత శ్రమించినను బిడ్డకు అపకారమే చేయుచున్నారు.

కారణము కఫమేయని తేలినచో ఆమె పని వేఱు. కడుపులో పాలు పోసి ఎంతసేపైనదో అడిగి తెలిసికొనును. కుడిప్రక్క పైకి వచ్చునట్లు బిడ్డను ఎడమవైపునకు ఒత్తిగిల్లజేయును. ఒకప్పుడు పుస్తకములు చెప్పినట్లు తలను క్రిందికి వంచదు, ఏలయన అట్లు చేసినచో పాలు పైకి తన్నుటయు, మెదడులో ఒత్తిడి పెరుగుటయు సంభవించును. మంచము తలవైపు కొంచెమెత్తియే యుంచును. నర్సు ఒక చేతితో గొట్టమును కదలకుండ పట్టుకొనును. ఫిజియోథెరపిస్టు అరచేయి ఆ చిన్ని రొమ్మునకు మిక్కిలి పెద్దది; కావున రెండు మూడు వ్రేళ్ళను మాత్రము మోపి, యంత్రము గాలిని నింపునంతసేపు వేచియుండి, బిడ్డ ఊపిరి విడుచు క్షణములో మాత్రము ఆ వ్రేళ్ళను సన్నగా కంపింపజేయుచు, బయటికి వచ్చు గాలితోబాటు కఫమును పెద్దనాళమువైపు నడపించును. అటుపిమ్మట ప్రాణవాయువును కొంచెము పెంచి, గొట్టపు లోవ్యాసములో సగమునకు మించని సన్నని సక్షన్ గొట్టమును, ముందే కొలిచియుంచిన లోతువఱకు మాత్రము దింపి, పది సెకండ్ల లోపల పని ముగించి బయటికి తీయును. తగులునంతవఱకు త్రోసి, తగిలినచోట పీల్చుట శ్వాసనాళపు సుతిమెత్తని పొరను చీల్చునని ఆమె యెఱుగును. ప్రతిసారి ఉప్పునీరు పోయుట మేలు కాదనియు నెఱుగును. పని ముగిసిన పిదప ఆమె మరల వినును. అదే పీడనమునకు ముందుకంటె నెక్కువ గాలి లోనికి పోవుచున్నట్లు వెంటిలేటరు తెర చూపినచో, మూగగా నున్నచోట ఊపిరి చప్పుడు వినవచ్చినచో, ఆ పని ఫలించినది. లేనిచో ఆ విషయమును వ్రాసియుంచి, మరల అదే పనిని అలవాటుగా చేయక, కారణమును వెదకును.

ఈ వర్ణనమున చేతిపని తక్కువ, విచారణ యెక్కువ యుండుటను పాఠకులు గమనించియుందురు. ఈ చికిత్సయొక్క సారమంతయు నందే యున్నది. విచారణ లేని చేతిపనికి ఏమిగతి పట్టునో ప్రపంచము ఇదివఱకే చవిచూచినది. న్యూజిలాండులోని ఆక్లండ్ నగరమునందలి యొక ఆసుపత్రిలో 1992, 1994 సంవత్సరముల నడుమ, 24 నుండి 27 వారములకే పుట్టిన 13 మంది శిశువులలో మెదడు కణజాలము నశించి డొల్లలేర్పడుట గమనింపబడెను. ఆ శిశువులకు ఇతరులకంటె రెండు మూడు రెట్లు అధికముగా రొమ్ముపై తట్టు చికిత్స జరిగినట్లు 1998లో ప్రచురింపబడిన పరిశీలన చూపెను. ఆ చికిత్సయే ఏకైక హేతువా యను విషయమున తరువాతి పండితులు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి. కాని ఆ ఆసుపత్రి ఆ పద్ధతిని ఆపివేసెను, ప్రపంచమున నెలలు నిండని శిశువుల వార్డులన్నియు ఉలికిపడి మేల్కొనెను. ఫ్రాన్సు దేశమున శిశువుల శ్వాసనాళికల వాపుజబ్బుకు ఫిజియోథెరపీ చేయించుట తరతరముల ఆచారముగా నుండెను. అచ్చటి ఏడు ఆసుపత్రులలో 496 మంది శిశువులపై జరిపి 2010లో ప్రకటించిన పరీక్షలో, ఆ చికిత్స పొందినవారు త్వరగా కోలుకొనలేదనియు, వారిలో వాంతులును శ్వాస అస్థిరతయు నెక్కువగా కనిపించెననియు తేలెను. 2015లో బ్రిటిషు వైద్యమార్గదర్శక సంస్థ గూడ, ఇతర జబ్బులేవియు లేని శిశువులకు ఆ వ్యాధిలో ఈ చికిత్స చేయవలదని శాసించెను.

ఈ సాక్ష్యములను జూపి, అట్లయిన ఈ విద్యయే వ్యర్థమని వాదించువారు కలరు. వారి వాదము తొందరపాటు. ఫ్రాన్సులో పరీక్షింపబడినవారు వెంటిలేటరుపై నున్న పిల్లలు కారు. వారి జబ్బు చిన్న నాళికల గోడలే వాచునట్టిది, ఒకచోట గడ్డకట్టిన కఫమును తొలగించినంతమాత్రమున తీఱునట్టిది కాదు. ఆక్లండు శిశువులు ఇంకను తల్లిగర్భమున నుండవలసిన వయస్సువారు. ఆ పాఠముల సారము 'చేయవలదు' అనునది కాదు. 'ఎవరికి, ఎప్పుడు, ఎంతమాత్రము అని యెఱుగక చేయవలదు' అనునది. మందు విషయమున మనము ఇట్లే యాలోచింతుము గదా. ఒక జబ్బుకు పనికిరాని మందును అన్ని జబ్బులకును నిషేధింపము, అన్ని జబ్బులకును పంచిపెట్టము.

మన తెలుగునాట ఈ వివేకము నిత్యావసరము. వానకాలము వెళ్ళునాటికి పిల్లల వార్డులు డెంగ్యూతో నిండును. ప్లేట్‌లెట్లు పడిపోయిన ఆ పిల్లల రొమ్మును తట్టుట రక్తస్రావమును చేతులారా కొనితెచ్చుట. తలకు దెబ్బతగిలి మెదడులో ఒత్తిడి హెచ్చినవారికిని, ఊపిరితిత్తినుండి రక్తము వచ్చుచున్నవారికిని, రొమ్ములో గాలిచేరి దానికి గొట్టము వేయనివారికిని, రక్తపుపోటు నిలకడ లేనివారికిని ఇది తగదు. మఱియొకవంక, ఈ చికిత్స లేకున్న నిలువజాలని పిల్లలు గూడ మన వార్డులలోనే యున్నారు. చేలకు తెచ్చి యింట నుంచిన పురుగుమందును ఎఱుగక త్రాగిన బిడ్డకు నోటను ఊపిరిగొట్టములలోను ద్రవము కుండపోతగా నూరును. ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట శ్వాసకండరములు గూడ సడలిపోవచ్చును. గిలియన్ బారె జబ్బుతో కాళ్ళనుండి పైకి ప్రాకిన పక్షవాతము రొమ్మును ముట్టిన పిల్లలు వారముల తరబడి వెంటిలేటరుపై నుందురు. పోలియో తొలగిన మన దేశమున పిల్లలకు ఆకస్మికముగా వచ్చు పక్షవాతములలో నేడు ప్రధానమైనది ఇదియే. వారికి ఊపిరితిత్తి జబ్బు లేదు, దగ్గుటకు బలము లేదు. ఆ దగ్గును మరియొకరు వారికై చేయవలయును. వెన్నుపాము నాడీకణములు క్షీణించు జన్యువ్యాధిగ్రస్తులకును, రొమ్ముపైనను కడుపుపైనను పెద్దశస్త్రచికిత్స జరిగినవారికిని ఇట్టిదే యవసరము.

రాత్రివేళ నేలపై నిద్రించుచు కట్లపాము కాటుకు గురియైన పల్లెబిడ్డ సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. ఆ విషము కండరములను కట్టివేయునేగాని తెలివిని హరింపదు. ఱెప్ప నెత్తలేక, వ్రేలు కదల్పలేక, ఊపిరి తీయలేక వెంటిలేటరుపై పడియున్న ఆ బిడ్డ, చుట్టునున్నవారి మాటలను స్పష్టముగా వినుచుండవచ్చును. అట్టి బిడ్డను ముందు పేరుపెట్టి పిలిచి, "ఇప్పుడు నిన్ను ప్రక్కకు త్రిప్పెదను, గొట్టములోనుండి గళ్ళ తీసెదను, కొంచెము బాధగా నుండును, వెంటనే తగ్గిపోవును" అని చెప్పి చేయి వేయుట మర్యాద మాత్రమే కాదు, చికిత్సయు నగును. సక్షన్ చేయునపుడు కలుగు భయమును బాధయు పిల్లల మనస్సులలో చాలకాలము నిలుచును. ఈ మాట చెప్పుటకు తీరిక యుండవలెనన్నను, ఆ పని తనదిగా నెంచు మనిషి యుండవలయును.

శ్వాసకోశ ఫిజియోథెరపీ కఫము తీయుటతో ముగియదు. బిడ్డను రెండు మూడు గంటలకొకసారి ప్రక్క మార్చుట, కీళ్ళు బిగియకుండ కదల్చుట, మత్తు తగ్గినంతనే కూర్చుండబెట్టుట, వీలైనచో గొట్టముతోనే తల్లి ఒడిలో నుంచుట, యంత్రసహాయమును తగ్గించుకొనుచు పోవునపుడు ఊపిరి కండరముల బలమును కనిపెట్టుచుండుట, ఇవన్నియు దాని యంగములే. అమెరికాలో బాల్టిమోరునందలి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రివారు ఐ.సి.యు.లోని పిల్లలను వీలైనంత త్వరగా కదలించు కార్యక్రమమును నెలకొల్పి, అది నిరపాయముగా చేయదగినదేయని 2016లో ప్రకటించిరి. ఆ పద్ధతికి ఖరీదైన యంత్రమక్కఱ లేదు. డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు ముగ్గురును ఉదయమున ఒకేచోట నిలిచి, ఈ బిడ్డ నేడు ఎంతవఱకు కదలవచ్చునో నిర్ణయించుకొనుట చాలును.

మన పరిస్థితి యెట్లున్నది? కోవిడ్ విజృంభించిన 2020లో పి.ఎం. కేర్స్ నిధినుండి 50,000 వెంటిలేటర్లకు నిధులు కేటాయింపబడెను. ఆ విపత్తున అది అవసరమే. కాని యంత్రములను ఒక్క ఉత్తరువుతో కొనవచ్చును; వానిని పిల్లల శ్వాసకు తగినట్లు నడపు చేతులను ఒక్క ఉత్తరువుతో సృష్టింప వీలులేదు. ఫిజియోథెరపీలో డిగ్రీ చదువు నాలుగేండ్లకు పైబడినది. హృదయశ్వాసకోశ విభాగమున పోస్టుగ్రాడ్యుయేషనునకు మఱి రెండేండ్లు. మన రెండు రాష్ట్రములలో కళాశాలలకు కొదవలేదు. హైదరాబాదులో నిమ్స్, తిరుపతిలో స్విమ్స్ వంటి విద్యాసంస్థలు ఈ విద్యను బోధించుచున్నవి. ఏటేట పట్టభద్రులు బయటికి వచ్చుచున్నారు. వారిలో పెక్కుమంది మోకాళ్ళనొప్పుల, నడుమునొప్పుల క్లినిక్కులలోనికో, విదేశములకో పోవుచున్నారు. తప్పు వారిది కాదు, పిల్లల ఐ.సి.యు.లో వారికొక కుర్చీయే లేనప్పుడు, ఆ విద్యను ఎవరికొఱకు అభ్యసింతురు? 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లా సత్వరచికిత్సా కేంద్రములలో ఫిజియోథెరపిస్టు పదవిని కేంద్రప్రభుత్వము నిర్దేశించినది, అది మెచ్చుకొనదగినదే. కాని ఆ పదవి ఎదుగుదల మందగించిన పిల్లల కొఱకు. అది పగటిపూట పనిచేయు కేంద్రము. ప్రాణాపాయస్థితిలో నున్న బిడ్డ మంచముదాక ఆ చేయి సామాన్యముగా రాదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయకమీషను చట్టము ఫిజియోథెరపిస్టులకు చట్టబద్ధమైన గుర్తింపును, ప్రమాణములను కల్పించినది. గుర్తింపు వచ్చిన పిదప బాధ్యతను గూడ ఇచ్చుట న్యాయము.

అందుచేత నేను కోరునవి కొన్ని కలవు. వెంటిలేటర్లున్న ప్రతి పిల్లల ఐ.సి.యు.లోను, పిల్లల శ్వాసకోశమున ప్రత్యేకశిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు రాత్రియు, ఆదివారమును, పండుగనాడును గూడ అందుబాటులో నుండునట్లు పదవులను మంజూరు చేయవలయును. కఫము సెలవుదినములను చూచి నిలువదు. పూటకిన్నిసార్లను మూకుమ్మడి ఆదేశములను రద్దుపఱచి, ప్రతి చికిత్సకు ముందును వెనుకను పరీక్షించి, చేసిన కారణమును, కలిగిన ఫలితమును కేసు కాగితమున వ్రాయుటను విధిగా నేర్పఱుపవలయును. హైదరాబాదు నీలోఫర్, విశాఖపట్టణము కింగ్ జార్జి, తిరుపతి రుయా వంటి పెద్ద ఆసుపత్రులను శిక్షణకేంద్రములుగా గైకొని, జిల్లా ఆసుపత్రులలోని ఫిజియోథెరపిస్టులను, నర్సులను విడతలవారీగా అచ్చటికి పంపవలయును. ఆరోగ్యశ్రీ వంటి పథకములలో వెంటిలేటరు చికిత్సకు చెల్లించు మొత్తమున ఈ సేవకు పేరుపెట్టి పాలు కేటాయింపవలయును. పేరులేని సేవను ప్రయివేటు ఆసుపత్రులు ఖర్చుగా తలంచును గాని విధిగా తలంపవు. మన వార్డులలో గొట్టము మరల వేయవలసివచ్చిన పిల్లలెందఱో, తిత్తి ముడుచుకొన్నవారెందఱో లెక్కలు ఉంచి ప్రకటింపవలయును. పరదేశపు పరీక్షలపై ఆధారపడుట ఎంతకాలము?

దీనికి మూడు ఆక్షేపణలు వినవచ్చును. మొదటిది ధనము. ఒక్క ఐ.సి.యు. వెంటిలేటరు ఖరీదు లక్షలలో నుండును. బిడ్డ ఒక్కరోజు ముందుగా యంత్రమును వదలినచో ఆదా యగు మందులు, మంచము, తల్లిదండ్రుల కూలి డబ్బులు లెక్కవేసినవారెవరును ఒక ఉద్యోగి జీతమును దుబారా యనజాలరు. రెండవది, ఈ పనిని నర్సులే చేయుచున్నారుగదా యనునది. నిజమే, రాత్రివేళ పిల్లల ప్రాణములను నిలుపుచున్నది వారి సక్షనే. కాని మందులు, సెలైన్లు, పాలు, మానిటరు అలారములు, తల్లుల కన్నీరు అన్నియు ఒక్క నర్సు భుజములపై మోపి, ఊపిరితిత్తుల విచారణను గూడ ఆమెకే యప్పగించుట ఆమెకును అన్యాయము, బిడ్డకును అన్యాయము. ఫిజియోథెరపిస్టు ఆమెకు పోటీ కాదు, తోడు. మూడవది, ఈ చికిత్సకు బలమైన రుజువులు తక్కువయనునది. పిల్లల విషయమున పెద్ద పరీక్షలు తక్కువగా జరిగినవనుట సత్యము. అందువలననే ఇది అలవాటుగా గాక, ఒక్కొక్క బిడ్డను పరీక్షించి, ఫలితమును కొలుచుచు చేయదగినది. రుజువు కొఱతను సాకుగాగొని బిడ్డ గొంతులోని కఫమును అట్లే వదలివేయుట శాస్త్రము కాదు.

తల్లిదండ్రులకు గూడ ఒక మాట. మీ బిడ్డ వెంటిలేటరుపై నున్నప్పుడు, "ఎప్పుడు తీసెదరు?" అని మాత్రమే యడుగక, "ఊపిరితిత్తులను ఎవరు పరీక్షించుచున్నారు? కఫమును ఎట్లు తీయుచున్నారు? బిడ్డను ఎంతసేపటికొకసారి త్రిప్పుచున్నారు?" అనియు మర్యాదగా నడుగుడు. తలపెట్టిన చికిత్సకు కారణమడుగుట మీ హక్కు. కారణము చెప్పగల డాక్టరు మీ ప్రశ్నకు నొచ్చుకొనడు. ఇంటికి వెళ్ళినపిమ్మట బిడ్డను ఎట్లు పండుకొనబెట్టవలెనో, ఎట్టి చప్పుడు విన్నచో మరల తీసికొనిరావలెనో ఆసుపత్రినుండి బయలుదేరకముందే నేర్చుకొనుడు.

సత్వరముగా చేయదగినది ఒకటి కలదు. ఇకమీదట పిల్లల ఆసుపత్రికి వెంటిలేటరును మంజూరుచేయు ప్రతి ఉత్తరువునందును, దానిని కొనుటకు, మరమ్మతు చేయుటకు కేటాయించిన పంక్తుల క్రింద, ఆ యంత్రముపై నుండు బిడ్డల శ్వాసను కనిపెట్టు ఫిజియోథెరపిస్టు పదవికి గూడ ఒక పంక్తిని చేర్పవలయును. ఆ పంక్తి లేని ఉత్తరువును అసంపూర్ణమని త్రిప్పిపంపు ధైర్యము ఆరోగ్యశాఖాధికారులకు కలుగవలయును; త్రిప్పిపంపుమని కోరు హక్కు ప్రజలకు ఇప్పటికే కలదు.